సీటు పైపు ఫ్రేములో పట్టేయకుండా ఏం చేస్తున్నానంటే…

నా స్టీలు రోడ్ సైకిల్ సెకండ్ హ్యాండ్. తిరుపతిలోనే కొన్నాను. సీటు పైపు, అంటే సీటును మోస్తూ ఫ్రేములోకి దిగే పైపు, పైకీ కిందికీ కదలదని తెలిసే కొన్నాను, తక్కువలో వచ్చిందీ అందుకే.

ఫ్రేము స్టీలు, పైపు అల్యూమినియం. తడి తగిలితే, అందులోనూ చెమట ఉప్పు కలిస్తే, ఈ రెండు లోహాల మధ్య కరెంటు పుట్టి అల్యూమినియం తెల్లటి పొడిగా మారుతుంది. ఆ పొడికి లోహం కంటే ఎక్కువ చోటు కావాలి. అక్కడ సందే ఉండదు కాబట్టి చీల దిగ్గొట్టినట్టు బిగుసుకుంటుంది. పాతకాలం సైకిళ్లలో సీటు రాడ్డు కూడా స్టీలే. దానికి తుప్పు బాధ ఉంది గానీ ఈ తగువు లేదు.

వెల్డింగు షాపాయన "గ్యాసుతో కాల్చి లాగేద్దాం సార్" అన్నాడు. వద్దన్నాను. వేడికి అల్యూమినియం స్టీలు కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది, ఇంకా బిగుస్తుంది. రంగు పోవడం అదనం.

సైకిల్‌ను తలకిందులు చేసి, బాటిల్ స్టాండు స్క్రూ రంధ్రాల్లోంచి తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా వదిలేశాను. తర్వాత నాకు తెలిసిన ముసలి మెకానిక్ సీటు ఊడదీసి, పైపు తలను వైస్‌లో బిగించాడు. "లాగద్దు నాయనా, తిప్పు" అన్నాడు. ఫ్రేమునే పిడిలా పట్టుకుని ఇటూ అటూ తిప్పాం. పెద్ద చప్పుడు. ఫ్రేమే విరిగిందనుకున్నా! పైపు వదిలింది.

లోపలంతా గుడ్డతో తుడిచి, కొత్త 27.2 మిల్లీమీటర్ల పైపుకీ, ఫ్రేము లోపలి గోడకీ గ్రీజు పట్టించాం. లోహాలు ఒకదానికొకటి పట్టేయకుండా పూసే యాంటీ సీజ్ పేస్టు దొరికితే ఇంకా మేలు. కార్బన్ పైపుకు మాత్రం గ్రీజు వద్దు, దానికి వేరే పేస్టుంది.

అయితే గ్రీజు ఒకసారి పూస్తే చాలదు. పైపును బిగించే క్లాంపు దగ్గర ఫ్రేముకు ఉండే చీలిక నా సైకిల్‌లో వెనక చక్రం వైపే ఉంది. వానలో చక్రం ఎగజిమ్మే నీళ్లన్నీ అందులోకే. పాత ట్యూబు ముక్క కోసి, ఆ చీలికను కప్పేలా తొడిగాను. చూడ్డానికి బాగోదు, పనిచేస్తుంది. మడ్‌గార్డూ వేయించాను.

మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అవి తగ్గగానే పైపు తీస్తాను. ముందు ఎత్తు గుర్తుకు టేపు చుట్టి, బోల్టు వదులు చేసి, తిప్పుతూ బయటికి లాగి, పాత గ్రీజు తుడిచి కొత్తది పూస్తాను. పావుగంట పని. తిరిగి పెట్టేటప్పుడు పైపు మీది కనీస లోతు గీత ఫ్రేము లోపలే ఉండాలి. లేకపోతే పైపు వంగచ్చు, ఫ్రేమే పగలచ్చు.

కిందటి వానల తర్వాత తీసి చూస్తే గ్రీజు నల్లబడి, కాస్త ఇసుక తగిలింది. పైపు మాత్రం ఒంటి చేత్తోనే వచ్చేసింది.