మూడో ప్రయత్నంలో నెట్: నన్ను ఓడించిన మాటే నన్ను నిలబెట్టింది

లెక్చరర్ అర్హతకీ, రీసెర్చ్ ఫెలోషిప్‌కీ రాసే యూజీసీ నెట్ రిజల్ట్ నిన్న వచ్చింది. లింగ్విస్టిక్స్‌లో, అంటే భాషాశాస్త్రంలో, జేఆర్ఎఫ్ (పరిశోధనకిచ్చే ఫెలోషిప్) కొట్టాను. అమ్మకి ఫోన్ చేస్తే ఇద్దరికీ మాట రాలేదు.

అందరికీ ఉమ్మడిగా ఉండే పేపర్ వన్‌కి పాత ప్రశ్నపత్రాలు చేయండి, సరిపోతుంది. నాకు చెప్పాలనుంది హిస్టారికల్ లింగ్విస్టిక్స్ గురించి, అంటే భాషలు కాలంతో ఎలా మారాయో చూసే శాఖ గురించి.

రెండోసారి నాలుగు మార్కుల్లో పోయింది. అంటే రెండు ప్రశ్నలు. అందులో ఒకటి కాగ్నేట్స్ మీద, అంటే ఒకే మూలం నుంచి పుట్టిన చుట్టాల మాటల మీద. సంస్కృతం 'యకృత్'కి ఇంగ్లిష్ 'లివర్' పెట్టి వచ్చాను, అర్థం ఒకటే కదా అని. జవాబు లాటిన్ 'యెకుర్'. కీ చూసిన రాత్రి అన్నం సయించలేదు. కోచింగ్ నోట్సులో రూపాల పట్టిక ఉంది గానీ, ఎందుకలా మారతాయో ఒక్క ముక్క లేదు.

ఆ ఆదివారం చికెన్ షాపులో నా ముందాయన "కార్జం విడిగా కట్టు" అన్నాడు. వెనకాయన "కలేజీ ఉందా భాయ్?" అన్నాడు. పళ్ళెంలో ఉన్నది అదే ఎర్రటి ముక్క. సంచి పట్టుకుని అలాగే నిలబడిపోయాను. వస్తువు ఒకటైనంత మాత్రాన పేర్లన్నీ చుట్టాలవుతాయా?

ఇంటికొచ్చి నోట్‌బుక్ తీశాను. యకృత్, షష్ఠీ విభక్తిలో ('కార్జం యొక్క' అనే రూపం) యక్నః. 'ర' ఉన్నచోటికి 'న' వచ్చింది. పాణిని తన వ్యాకరణ సూత్రం 6.1.63లో 'యకన్' ఆదేశం (ఒక రూపం బదులు వచ్చే మరో రూపం) చెప్పింది దీనికే. లాటిన్‌లో యెకుర్, యెకినోరిస్. గ్రీకులో హేపర్, హేపతోస్. మన హెపటైటిస్ అక్కడిదే. పారశీక 'జిగర్' కూడా ఈ ఇంటిదే, మనం జిగ్రీ దోస్త్ అంటామే, అది. లివర్ మాత్రం జర్మన్ 'లేబర్' తోబుట్టువు, గడపే వేరు.

కార్జానికి ఫ్రెంచి మాట 'ఫ్వా' దగ్గర రాత్రి రెండయింది. రోమన్లు పెద్దబాతులకి అంజీర్ పళ్ళు పెట్టి మేపేవారు. ఆ కార్జం పేరు 'యెకుర్ ఫికాతుమ్', ఫికుస్ అంటే అంజీర్. రానురాను అసలు మాట యెకుర్ రాలిపోయి, విశేషణమే పేరై కూర్చుంది! ఇటాలియన్ 'ఫేగాతో', స్పానిష్ 'ఈగదో' కూడా అంతే. అర్థపరిణామం యూనిట్ మొత్తం నాకు ఈ ఒక్క మాటలో అర్థమైంది.

అప్పట్నుంచి రోజుకో మాట, పెళ్ళిళ్ళకెళ్ళినా మానలేదు. మూడేళ్ళు వృథా చేశావన్న బంధువులకి నేనేం చదువుతున్నానో తెలీదు. బద్ధకం వచ్చిన రోజే పుస్తకం తెరవాలి, తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ. ఓపిక లేని రోజు చదివిందే నాకు పరీక్షలో పనికొచ్చింది.

ఇప్పటి టర్కీ ప్రాంతంలో ఒకప్పుడు మాట్లాడిన హిట్టైట్ భాషలో నీళ్ళు 'వాతర్', షష్ఠిలో 'వెతెనస్'. పక్కన యకృత్, యక్నః రాసుకుని ఈ రాత్రే చూడండి.