బహ్తినోవ్ మాస్క్‌తో ఫోకస్ పట్టుకోవడం: నా అనుభవం

ఖగోళ ఫొటోగ్రఫీలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ సతాయించింది ఫోకసే. టెలిస్కోప్ స్టాండ్‌ని ధ్రువం వైపు సరిచేసే పోలార్ అలైన్‌మెంట్‌కి ఒక పద్ధతి ఉంది, నక్షత్రం వెంట టెలిస్కోప్‌ని తప్పకుండా నడిపే గైడింగ్‌కి ఒక గ్రాఫ్ ఉంది. ఫోకస్ దగ్గరికొచ్చేసరికి కంటినే నమ్ముకోవాల్సి వచ్చేది. లైవ్ వ్యూని పది రెట్లు పెంచి, నక్షత్రం ఎక్కడ బాగా చిన్నగా కనబడుతుందో చూస్తూ నాబ్ తిప్పేవాణ్ణి. గాలి నిలకడగా లేని రాత్రి ఆ చుక్క ఉబ్బుతూ, తగ్గుతూ ఉంటుంది. ముందుకు తిప్పినా అలాగే ఉంటుంది, వెనక్కి తిప్పినా అలాగే ఉంటుంది. ఎటు వెళ్లాలో తెలియని టెన్షన్‌తోనే ఎక్స్‌పోజర్లు మొదలయ్యేవి.

నాది 200 మిల్లీమీటర్ల అద్దం, 1000 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్ ఉన్న న్యూటోనియన్ (అద్దాలతో పని చేసే) టెలిస్కోప్. ఫోకల్ లెంగ్త్ అద్దం వెడల్పుకి ఐదు రెట్లు, అంటే ఎఫ్/5. ఆకుపచ్చ కాంతికి లెక్కేస్తే ఇందులో ఫోకస్ సరిగ్గా ఉందనదగ్గ మేర మొత్తం కలిపి సుమారు 67 మైక్రాన్లు. దాదాపు ఒక వెంట్రుక మందం. ఎఫ్/10 టెలిస్కోప్‌లో ఇది నాలుగు రెట్లు ఉంటుంది కాబట్టి కాస్త అటూ ఇటూ అయినా చెల్లుతుంది. ఎఫ్/5లో చెల్లదు.

మాస్క్ పెట్టి ఫోకస్ చూడటం కొత్త ఆలోచనేం కాదు. గుండ్రటి అట్టకి రెండు రంధ్రాలు చేసి టెలిస్కోప్ ముందు పెడితే, ఫోకస్ తప్పినప్పుడు నక్షత్రం రెండుగా కనబడుతుంది, కుదిరితే ఒకటవుతుంది. హార్ట్‌మన్ మాస్క్ పని చేసేది ఈ సూత్రం మీదే. ముందు దాన్నే వాడాను. చిక్కల్లా చివర్లో వస్తుంది. రెండు చుక్కలు దాదాపు కలిసిపోయాక పూర్తిగా కలిశాయా, ఇంకొంచెం మిగిలిందా అని మళ్లీ కన్నే తేల్చాలి.

రష్యాకు చెందిన పావెల్ బహ్తినోవ్ 2005లో చేసిన మాస్క్ సరిగ్గా ఆ చివరి మెట్టు దగ్గరే ఆదుకుంటుంది. అందులో ఒక సగం నిండా ఒకే దిశలో సన్నటి సందులు ఉంటాయి. రెండో సగం మళ్లీ రెండు భాగాలై, ఒకదానిలో సందులు ఇటు, ఇంకోదానిలో అటు వాలి ఉంటాయి. వివర్తనం వల్ల, అంటే సన్నటి సందుల గుండా పోయేటప్పుడు కాంతి వంగి పరుచుకోవడం వల్ల, ప్రతి భాగమూ తన సందులకు అడ్డంగా ఒక కాంతి గీత గీస్తుంది. వాలు భాగాల నుంచి వచ్చే రెండు గీతలు ఇంటూ గుర్తులా ఒకదాన్నొకటి దాటుతాయి. మూడో గీత వాటి మధ్యలోంచి పోతుంది. ఫోకస్ తప్పితే ఒక్కో భాగం గుండా వచ్చిన కాంతి సెన్సర్ మీద ఒక్కో పక్కకి జరిగి పడుతుంది కాబట్టి మధ్య గీత పక్కకి తప్పుకుంటుంది. నాబ్ తిప్పుతుంటే అది ఒక పక్కనుంచి వచ్చి, ఇంటూ మధ్యగా పోయి, రెండో పక్కకి వెళ్తుంది. ఇంకా ఎంత దూరం ఉందో, ఎటు తిప్పాలో రెండూ ఒకే చూపులో తెలిసిపోతాయి. అంతకాలం నాకు లేనిది ఇదే.

నా మాస్క్ నల్లటి గట్టి అట్టతో నేనే కోసుకున్నాను. ఫోకల్ లెంగ్త్‌ని 150తో భాగిస్తే ఒక సందు, దాని పక్క పట్టీ కలిపి ఎంత వెడల్పు ఉండాలో వస్తుంది. నాకు 6.7 మిల్లీమీటర్లు వచ్చింది. అట్ట కోయడానికి ఓపిక కావాలి, అంతే. న్యూటోనియన్ వాడేవాళ్లు ఒకటి చూసుకోవాలి. చిన్న అద్దాన్ని పట్టుకునే కమ్మీలు కూడా నక్షత్రం చుట్టూ తమ గీతలు గీస్తాయి. మధ్య గీత వాటిలో ఒకదాని మీద పడితే ఏది ఏదో అర్థం కాదు. మాస్క్‌ని కొద్దిగా తిప్పి పెడితే విడిగా కనబడతాయి.

స్వాతి, అభిజిత్ లాంటి ప్రకాశవంతమైన నక్షత్రాల్లో ఫొటో తీయబోయే చోటికి దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుకుంటాను. ట్యూబ్ వాలు బాగా మారితే ఫోకసర్ మీద కెమెరా బరువు పడే తీరు కూడా మారుతుంది కదా. మూడు నాలుగు సెకన్ల ఎక్స్‌పోజర్ ఇస్తే గాలి వణుకు సర్దుకుని గీతలు నిలకడగా వస్తాయి. నక్షత్రం మధ్యభాగం తెల్లగా కాలిపోయినా పరవాలేదు, చూడాల్సింది గీతల్నే. ఫోకసర్ పళ్లలో ఉండే లూజు వల్ల తేడా రాకుండా ఎప్పుడూ ఒకే పక్కనుంచి దగ్గరికి వస్తాను. దాటిపోతే బాగా వెనక్కి వెళ్లి మళ్లీ మొదలు.

నేను అన్నిటికన్నా జాగ్రత్తగా చేసేది లాక్ స్క్రూ బిగించడం. గీత సరిగ్గా మధ్యలో ఉండగా స్క్రూ బిగిస్తే, చూస్తుండగానే అది ఓ రెండు మూడు పిక్సెల్స్ పక్కకి జరుగుతుంది. అందుకే సగం బిగించి, గీతని మళ్లీ మధ్యకి తెచ్చి, అప్పుడు పూర్తిగా బిగించి ఇంకో ఎక్స్‌పోజర్ చూస్తాను. మాస్క్ లేకపోతే ఈ జరుగుడు నా కంటికి దొరికేదే కాదు.

ఇలా పట్టుకున్న ఫోకస్ రాత్రంతా నిలవదు. ఉక్కు ట్యూబ్ మీటరు పొడవుకి, ఒక్కో డిగ్రీ చల్లబడితే సుమారు 12 మైక్రాన్లు కుంచించుకుంటుంది. 67 మైక్రాన్ల మేరకి సరిగ్గా మధ్యలో మొదలుపెట్టినా మూడు డిగ్రీలు పడిపోయేసరికి అంచుకి చేరతాం. ట్యూబ్‌కి చిన్న థర్మామీటర్ కట్టుకుని, రెండు డిగ్రీలు తగ్గిందంటే వరుసగా తీస్తున్న ఎక్స్‌పోజర్లు ఆపి మాస్క్ మళ్లీ పెడతాను. ఫిల్టర్ మార్చినా అంతే, ఒక్కో ఫిల్టర్ గాజు మందం వల్ల ఫోకస్ ఎంతోకొంత మారుతుంది.

మాస్క్ తీసేశాక ఒక టెస్ట్ ఫ్రేమ్ తీసి నాలుగు మూలలూ చూస్తాను. మధ్యలో నక్షత్రాలు సూదిమొనల్లా ఉండి మూలల్లో తోకలు సాగితే ఇక నాబ్ ముట్టుకోను. అది కోమా, అంటే వంపు అద్దం వల్ల అంచుల్లో వచ్చే దోషం. దానికి కోమా కరెక్టర్ అనే లెన్స్‌ని సెన్సర్ నుంచి సరైన దూరంలో పెట్టుకోవాలి. ఒక పక్కే సాగితే అద్దాల అమరికో, కెమెరా వంపో చూడాలి. ఆ పని మాస్క్‌తో అయ్యేది కాదు.