పాత జవాబులు

ఆదివారం, రాత్రి.

అలమర సర్దుతుంటే పాత ఫైళ్ల కింద నా చిన్నప్పటి జనరల్ నాలెడ్జ్ పుస్తకం బయటపడింది. అట్ట ఊడిపోయింది కానీ నేను పెన్సిల్‌తో పెట్టుకున్న టిక్కులు చెక్కుచెదరలేదు. ఒకప్పుడు ఇదంతా నాకు కంఠతా వచ్చు. ఆ గర్వం ఇంకా ఎక్కడో మిగిలినట్టుంది. సర్దుడు పక్కన పడేసి, ఆరో తరగతి చదువుతున్న మా అమ్మాయిని పిలిచి, "ఏ పేజీలోంచైనా అడుగు, చెప్తా" అన్నాను.

"గ్రహాలెన్ని?"

"తొమ్మిది." ఆలోచించకుండానే నోట్లోంచి వచ్చేసింది. పుస్తకంలోనూ తొమ్మిదే ఉంది. అయినా అది నావైపు జాలిగా చూసింది.

"శనికి ఉపగ్రహాలెన్ని?"

"పద్దెనిమిది." టిక్కు కూడా ఉంది. అది ఫోన్ తీసి చూసింది. 2025 మార్చిలో ఒకేసారి 128 కొత్తవి లెక్కలోకి వచ్చాయట. దాంతో అప్పటికి మొత్తం 274 అయ్యాయట. ఇంకా నయం, నా చిన్నప్పుడు వీటి పేర్లు బట్టీ పట్టమనేవాళ్లు.

కజకిస్తాన్ రాజధాని దగ్గర పూర్తిగా పరువు పోయింది. నేను అల్మాటీ అన్నాను. 1997లో రాజధాని ఉత్తరాన ఉన్న అక్మోలాకి వెళ్లిపోయింది. మరుసటి ఏడాది ఆ ఊరి పేరు అస్తానా అయింది, 2019లో నూర్‌సుల్తాన్ అయింది, 2022లో తిరిగి అస్తానాకే వచ్చింది. అస్తానా అంటే కజక్ భాషలో రాజధాని అనే అర్థం! అంత తిరుగుడు తిరిగి చివరికి పెట్టుకున్న పేరు అది.

"నీ పుస్తకం అన్నీ తప్పులే నాన్నా" అంది.

ఉక్రోషం వచ్చింది. తప్పులు కావు, అప్పటికి అవే రైటు. ఈ ముక్క దానికి ఎలా చెప్పాలా అని ఆలోచిస్తే క్రోమోజోముల సంగతి గుర్తొచ్చింది. మనిషి కణంలో 48 ఉంటాయని 1923లో ఒక శాస్త్రవేత్త లెక్కపెట్టి చెప్పాడు. ముప్పై ఏళ్లకు పైగా పుస్తకాలన్నీ అదే రాశాయి. మైక్రోస్కోపులో చూసినవాళ్లకీ 48 కనిపించేవి. నిజానికి అవి ఒకదాని మీద ఒకటి పడి చిక్కుపడిపోయి ఉంటాయి. 1956లో జో హిన్ చియో, ఆల్బర్ట్ లెవాన్ అనే ఇద్దరు, లవణాలు తక్కువగా ఉన్న ద్రావణంలో కణాలను ఉంచి ఉబ్బేలా చేశారు. క్రోమోజోములు విడివిడిగా పరుచుకున్నాయి. లెక్కపెడితే 46. అన్నేళ్లూ పరీక్షల్లో 48 అని రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లు ఎంతమందో అన్నాను. దానికి ఇది బాగా నచ్చింది. "అయితే ఇప్పుడు నేను రాసేవాటిలో కూడా ఉంటాయన్నమాట" అంది. ఉంటాయి. ఏవో తెలిస్తే నేనే ముందు చెప్పేవాణ్ణి.

తర్వాత నెలల పేర్ల పేజీ వచ్చింది. అక్కడ మాత్రం కాసేపు నాదే పైచేయి. సెప్టెంబర్, అక్టోబర్, నవంబర్, డిసెంబర్ అని మెల్లగా పలకమన్నాను. తర్వాత సప్త, అష్ట, నవ, దశ అనమన్నాను. రెండోసారికే దాని కళ్లు పెద్దవయ్యాయి. లాటిన్, సంస్కృతం ఒకే భాషా కుటుంబానివి కాబట్టి ఆ పోలిక. మన ఏడు, ఎనిమిది వేరే కుటుంబానివి. మరి ఏడు అని పేరున్న నెల తొమ్మిదోది ఎందుకైందంటే, రోమన్ల సంవత్సరం మొదట్లో మార్చితో మొదలయ్యేది. జూలైకి కూడా ముందు క్వింటిలిస్ అనే పేరే ఉండేది, అంటే అయిదోది. ఆగస్టు సెక్స్‌టిలిస్, ఆరోది. జూలియస్ సీజర్, ఆగస్టస్ వాటిని తమ పేర్లతో ఆక్రమించుకున్నారు. మిగతా నాలుగూ పాత నంబర్లతోనే ఉండిపోయాయి. ఈ పేజీ ఒక్కటీ ఇన్నేళ్లయినా పాతబడలేదు.

పడుకునే ముందు మళ్లీ వచ్చింది. పుస్తకం దాని చేతిలోనే ఉంది. "ప్లూటోని ఎందుకు తీసేశారు?" అని అడిగింది. గ్రహం అనిపించుకోవాలంటే సూర్యుడి చుట్టూ తిరగాలి, గుండ్రంగా ఉండాలి, తన దారిలో మిగతావాటికి చోటు లేకుండా చేసుకోవాలి అని 2006లో అంతర్జాతీయ ఖగోళ సంఘం తేల్చిందనీ, మూడోది ప్లూటో వల్ల కాలేదనీ చెప్పాను. అదే ఏడాది జనవరిలో దాని దగ్గరికి న్యూ హొరైజన్స్ అనే వ్యోమనౌక బయల్దేరింది. బయల్దేరినప్పుడు ప్లూటో గ్రహం, 2015లో అక్కడికి చేరేసరికి మరుగుజ్జు గ్రహం.

"సూర్యుడి చుట్టూ ఒకసారి తిరగడానికి దానికెన్నేళ్లు?"

"248. కనిపెట్టింది 1930లో."

పెన్సిల్ తీసుకుని మార్జిన్‌లో కూడిక చేసింది. కనిపెట్టినప్పటి నుంచి అది ఇంకా ఒక్క చుట్టు కూడా పూర్తి చేయలేదు. అందులో మూడో వంతైనా తిరక్కముందే గ్రహమనే హోదా పోయింది. నా పాత టిక్కును కొట్టేయకుండా, దాని పక్కనే చిన్న అక్షరాలతో 2178 అని రాసి పుస్తకం నా చేతికిచ్చి వెళ్లి పడుకుంది.

అలమర ఇంకా సగం అలాగే ఉంది.