విద్య రొట్టె బాకీ

మొహర్రం నెలలో రొట్టెల పండుగకు నెల్లూరు స్వర్ణాల చెరువు ఘాట్‌లో నిలబడితే ‘విద్య రొట్టె, విద్య రొట్టె’ అన్న కేకలు ఆగకుండా వినపడతాయి. బారా షహీద్ దర్గాలో పన్నెండు మంది అమరుల సమాధులకు మొక్కుకుని, తలమీద కొంగో రుమాలో కప్పుకుని జనం నీళ్లలోకి దిగుతారు. పోయినేడు మొక్కుకున్నది తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, ఈ ఏడు కోరిక ఉన్నవాళ్లు అందుకుని తింటారు. ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, ఆరోగ్యం రొట్టె ఉంటాయి కానీ పిల్లల్ని వెంటబెట్టుకొచ్చిన తల్లులు ముందుగా వెతుక్కునేది విద్య రొట్టె. నువ్వెవరు, నీ దేవుడెవరు అని ఆ నీళ్లలో ఎవరూ అడగరు.

మనకు రొట్టె ఇచ్చిన మనిషి మళ్లీ కనపడరు. కోరిక తీరాక ఆ బాకీ ముక్కూముఖం తెలియని ఇంకొకరికి తీర్చాలి. గీత పదిహేడో అధ్యాయం చెప్పిన సాత్త్విక దానం ఇదే:

దాతవ్యమితి యద్దానం దీయతేఽనుపకారిణే।
దేశే కాలే చ పాత్రే చ తద్దానం సాత్త్వికం స్మృతమ్॥

ఇవ్వడం నా ధర్మం అనుకుని, తిరిగి మనకేమీ చేయలేనివాళ్లకు, తగిన చోట, తగిన వేళ, తగినవారికి ఇచ్చేది సాత్త్విక దానం. బడి ముఖం చూడని పిలకాయల కంటే దీనికి తగినవాళ్లు ఎవరున్నారు? విద్య రొట్టె తిని, చదువుకుని, ఉద్యోగంలో కుదురుకున్నవాళ్లు చెరువులో రొట్టె ఇవ్వడంతో ఆగకుండా, మన ఊరి చెరువుకట్ట మీదో రొయ్యల గుంట పక్కనో ఇటుక బట్టీ దగ్గరో ఉన్న ఒక్క బిడ్డను బడిలో నిలబెట్టేదాకా పూనుకోవాలని మా మనవి. కాలం కూడా కలిసొస్తోంది. మొహర్రం ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి ఈ మధ్య జూన్, జూలైల్లో పడుతోంది. బడులు తెరిచేదీ అప్పుడే.

మొదటి పని ఇంటికి వెళ్లడం. పగలు వెళితే పెద్దలుండరు. పొద్దుగూకాక ఇద్దరు వెళ్లాలి, అందులో ఒకరు ఆడమనిషైతే మంచిది. ‘ఏమ్మా, బిడ్డను బడికెందుకు పంపలేదు?’ అంటే ఆ తల్లి తల దించుకుంటుంది, అక్కడితో మాట ఆగిపోతుంది. ‘అక్కా, నువ్వు పనికి పోతే చంటిదాన్ని ఎవరు చూసుకుంటారు?’ అని అడిగితే అసలు సంగతి బయటికొస్తుంది. చాలా ఇళ్లల్లో చంటిబిడ్డకు కాపలా ఆ పదేళ్ల పిల్లే. చంటిబిడ్డకు మూడేళ్లు నిండి ఉంటే అంగన్‌వాడీలో చేర్పించండి, పెద్దపిల్ల బడికి దారి దానంతటదే తెరుచుకుంటుంది.

తర్వాతది కాగితాల గండం. యానాది కాలనీల్లో, వలస కుటుంబాల్లో చాలామంది పిల్లలకు పుట్టిన సర్టిఫికెట్ ఉండదు, దాంతో ఆధార్ ఉండదు. ఆధార్ లేకపోతే ఆన్‌లైన్‌లో పేరు ఎక్కదని ప్రధానోపాధ్యాయులు వెనకాడతారు. విద్యాహక్కు చట్టం మాత్రం వయసు రుజువు లేదని 6 నుంచి 14 ఏళ్ల బిడ్డను తిప్పి పంపకూడదంటుంది. పాత బడి ఇచ్చే బదిలీ పత్రం (టీసీ) ఆలస్యమైనా చేర్చుకోవాల్సిందే. ఈ మాట గొడవగా కాకుండా మండల విద్యాధికారి (ఎంఈవో) దగ్గర నెమ్మదిగా గుర్తుచేయండి. ముందు బిడ్డ బడిలో కూర్చోవాలి, కాగితం వెనక రావచ్చు. పుట్టి ఏడాది దాటితే జనన నమోదుకు ఆర్డీవో స్థాయి ఉత్తర్వు కావాలి. నమోదు కాలేదన్న పత్రం, ఏఎన్‌ఎం దగ్గరి మాతా శిశు కార్డు వివరాలు, తల్లిదండ్రుల ఆధార్ జత చేసి గ్రామ, వార్డు సచివాలయంలో దరఖాస్తు పెట్టాలి. తల్లి పేరు ఒక కాగితంలో ఒకలా, ఇంకోదాంట్లో ఇంకోలా ఉంటే అక్కడే సరిచేయించండి. బిడ్డను బడికి పంపే తల్లికి సర్కారు ఇచ్చే ‘తల్లికి వందనం’ డబ్బు బ్యాంకులో ఆగిపోవడానికి ఇలాంటి తేడాలూ ఒక కారణం.

పుట్టిన తేదీ తెలియదంటే జూన్‌లో ఏదో ఒక రోజు రాసేయడం మామూలైపోయింది. అదే పదో తరగతి సర్టిఫికెట్‌లోకి ఎక్కి జన్మంతా వెంటాడుతుంది. తల్లిని కూర్చోబెట్టి అడగండి: 2015 నవంబరు వరదలప్పుడు కడుపులో ఉన్నాడా, చంకలో ఉన్నాడా? 2020 నివర్ తుఫానుకు నడుస్తున్నాడా? సంక్రాంతికి ముందా వెనకా? నెల వరకు దాదాపు తేలుతుంది.

చేర్చడం ఒక రోజు పని. నిలబెట్టడం అసలు పని. బడి మానేసిన పదకొండేళ్ల పిల్లవాడిని వయసుకు తగ్గట్టు ఆరో తరగతిలో కూర్చోబెడతారు, చట్టం చెప్పేదీ అదే. వాడికి అక్షరాలు రావు. పక్కవాడు చూస్తాడని నోట్‌బుక్ మీద మోచెయ్యి అడ్డం పెట్టుకుని, ఏదో రాస్తున్నట్టు పెన్ను కదుపుతుంటాడు. రెండు వారాలు అలా గడిపి, మూడో వారం కడుపునొప్పి అంటాడు. ఇలాంటి పిల్లలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని ఆ చట్టమే చెప్పింది. అది అందేలోగా సాయంత్రం గుడి అరుగు మీదో మసీదు వరండాలోనో రోజూ ఒక గంట కూర్చోబెట్టాలి. ఒకరి దగ్గర ఐదారుగురికి మించి వద్దు. వర్ణమాల మొదటి నుంచీ మొదలుపెట్టకుండా వాడి పేరు, అమ్మ పేరు, ఊరి పేరు రాయించండి. ఆ అక్షరాలతో అయ్యే మాటలు చదివించండి. పొద్దున పది గంటలకు టీచర్‌కు ఒక ఫోన్ చేస్తే వచ్చాడో లేదో తెలుస్తుంది. మూడో రోజు కూడా రాకపోతే ఆ సాయంత్రమే ఇంటికి వెళ్లాలి, వారం ఆగితే పనిలో పెట్టేస్తారు.

గజ్జి వల్ల సిగ్గుపడి మానేసేవాళ్లు చాలామంది. పీహెచ్‌సీలో ఇచ్చే పూత మందు ఒక్క బిడ్డకే రాస్తే తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంది. ఇంట్లో అందరికీ డాక్టర్ చెప్పినట్టు ఒకే రాత్రి మెడ నుంచి అరికాళ్ల దాకా రాయాలి, మర్నాడు పక్కబట్టలు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయాలి.

ఇక కానుకలు. పుస్తకాలు, యూనిఫాం, బూట్లు, బ్యాగు సర్కారీ బడిలో కిట్‌గా ఇస్తున్నారు. అయినా సంఘాలు ఆగస్టులో మళ్లీ బ్యాగులే పంచుతాయి. ఆ డబ్బుతో లోదుస్తులు, శానిటరీ ప్యాడ్లు, తలనూనె, ఆటో ఛార్జీ, జిరాక్సులు చూసుకుంటే బిడ్డకు పనికొస్తుంది. ఇచ్చేటప్పుడు వరసగా నిలబెట్టి ఫోటో తీయకండి. ‘అసత్కృతమవజ్ఞాతం’, గౌరవం లేకుండా, చులకనగా ఇచ్చినది తామస దానమని రెండు శ్లోకాల తర్వాత గీతే అంది. సంరక్షణ అవసరమైన బిడ్డ ముఖం, పేరు బయటపెడితే బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

పండుగ రద్దీలో పిల్లలు తప్పిపోతారు, కొందరిని అడుక్కోవడానికి తీసుకొస్తారు. చిల్లర వేస్తే తీసుకొచ్చినవాడికే లాభం. పిల్లల సాయం కోసం ఉన్న 1098కి ఫోన్ చేయండి, లేదా అక్కడి పోలీసు కంట్రోల్ రూమ్‌లో చెప్పండి. దిక్కులేని బిడ్డను ప్రయాణ సమయం కాక 24 గంటల్లో బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలి. ముద్దుగా ఉందని ఇంటికి తీసుకెళ్లి పెంచుకోవడం కుదరదు, అలాంటి బిడ్డ దత్తత, దత్తతలు చూసే కేంద్ర సంస్థ ‘కారా’ దారిలోనే జరగాలి.

తండ్రి పోయి తల్లి ఒక్కతే ఈడుస్తున్న ఇల్లైతే పిల్లల పోషణకు కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద స్పాన్సర్‌షిప్ ఉంది. నెలకు 4,000 రూపాయలు. ఏడాది ఆదాయం పల్లెల్లో 72,000, పట్టణాల్లో 96,000 దాటకూడదు. దరఖాస్తు జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి ఇవ్వాలి. తల్లి కూడా లేక అవ్వ దగ్గర పెరిగే పిల్లలకూ ఇది వర్తిస్తుంది కానీ, అడిగేవాళ్లు లేక చాలామందికి తెలియనే తెలియదు. ఐదో తరగతి దాటిన ఆడపిల్లకు ఇల్లు భద్రం కాదనిపిస్తే కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయంలో సీటు కోసం ప్రయత్నించండి, బడి మానేసినవాళ్లకు, అనాథలకు అక్కడ ముందు చోటు.

కనిగిరి, పామూరు వైపు నుంచి పనులకు వలస పోయే కుటుంబాల పిల్లల విషయంలో మూటాముల్లె కట్టాక వెళితే లాభం లేదు. దసరా సెలవుల్లోనే ఎవరెవరు పోతున్నారో జాబితా రాసి ఎంఈవోకు ఇచ్చి, పెద్దలు వలస పోయిన నెలల్లో పిల్లలు ఉండే సీజనల్ హాస్టల్ అడగండి. అవ్వ దగ్గర ఉంచితే ఆ ఇంటికి నెలనెలా బియ్యం, నూనె ఎవరు చూస్తారో అప్పుడే మాట్లాడుకోవాలి. వెంట తీసుకుపోతామని తల్లి పట్టుబడితే టీసీ రాయించి చేతికిచ్చి, మేస్త్రీ ఫోన్ నంబరు తీసుకుని, వెళ్లే ఊరి బడికి ముందే ఫోన్ చేయండి.