చిరునామా ఉన్న ఏడుపు

కువైట్‌లో ఇంటిపని చేసే తెలుగు ఆడవాళ్ళం నలుగురం ఒకచోట చేరితే, ప్రార్థన మొదలయ్యేలోపు ఒక పోటీ నడుస్తుంది. ఎవరి కష్టం పెద్దదని. ఒకామె పనిచేసే ఇంట్లో ఏడుగురు పిల్లలు. ఇంకొకామెకు గది లేదు, ఇస్త్రీబల్ల పక్కనే పరుపు. మరొకామె ఫోను మామా (ఇంటి యజమానురాలిని ఇక్కడ అలాగే పిలుస్తాం) దగ్గరే ఉంటుంది, రాత్రి కాసేపు మాత్రం చేతికిస్తుంది. మగవాళ్ళు ఉంటే ఎండ సంగతి ఎత్తుతారు. 2016 జూలై 21న మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైన దేశం కదా, వాళ్ళ మాటకూ బలం ఉంది. జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా ఉదయం 11 నుంచి సాయంత్రం 4 వరకు ఆరుబయట పని చేయించకూడదన్న నియమం వాళ్ళకు ఉందిగా, పొయ్యి దగ్గర నిలబడే మాకేముంది అని మేము వెంటనే అందుకుంటాం. ఈ పోటీలో ఓడిపోవడానికి ఎవరూ ఒప్పుకోరు.

నాది 20 నంబరు వీసా. ఇంటిపనికి ఇచ్చేది అదే. అఖామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, కఫీల్ (మనకు హామీగా ఉండే యజమాని) పేరు మీద ఉంటుంది కాబట్టి నచ్చకపోతే మానేసి పక్కింట్లో చేరదామంటే కుదరదు. పొద్దున్నే పిల్లలను బడికి తయారుచేయాలి, తర్వాత మంచం పట్టిన పెద్దావిడకు స్నానం, మందులు. సాయంత్రం నుంచి దివానియాకు, అంటే మగవాళ్ళు కూర్చుని కబుర్లాడే గదికి, వచ్చే అతిథులకు టీలు మోయాలి. వాళ్ళు ఎప్పుడు లేస్తే అప్పుడే గిన్నెలు కడగడం. రంజాన్ నెలలో పగలు, రాత్రి తారుమారై నిద్ర ఎటు పోతుందో తెలియదు. పని బరువుకు ఒళ్ళు అలవాటు పడుతుంది. అర్ధరాత్రి తలుపు వేసుకున్నాక మొదలయ్యేదే మరొకటి ఉంది.

అది లెక్కల రూపంలో వస్తుంది. ఎవరి చదువుకు పంపాను, ఎవరి పెళ్ళికి పంపాను, ఎవరి ఆసుపత్రి ఖర్చుకు పంపాను. అందులో ఎవరు ఒక్కసారైనా ‘తిన్నావా’ అని అడిగారు? ‘డబ్బు అందింది’ అన్న మాటతో ఫోను పెట్టేసింది ఎవరు? లెక్క వేసేకొద్దీ నేను గొప్పదాన్ని అవుతాను, మిగతావాళ్ళు చిన్నవాళ్ళు అవుతారు. ఆత్మజాలిలో హాయి ఉంటుందని ఎవరూ చెప్పరు. దురదపెట్టే పుండు చుట్టూ గోక్కున్నట్టు ఉంటుంది. తెల్లవారేసరికి మంట మాత్రమే మిగులుతుంది.

శుక్రవారం సెలవు దొరికితే కువైట్ సిటీలోని నేషనల్ ఎవాంజెలికల్ చర్చికి వెళ్తాం. ఇక్కడ ఆదివారం పనిదినం, అందుకే ఆరాధన శుక్రవారమే. ఒక గదిలో అరబ్బీ పాట, పక్క గదిలో మలయాళం ప్రసంగం, ఇంకోవైపు ఫిలిప్పీన్ వాళ్ళ గిటార్లు, వీటి మధ్య మన తెలుగు చప్పట్లు. సెలవు దొరకని వాళ్ళు వంటింట్లో ఫోను చెవిలో పెట్టుకుని వింటారు. ఒక శుక్రవారం బైబిల్లోని ఏలీయా మీద వాక్యం చెప్పారు. చిన్నప్పటి నుంచి విన్న కథే. కర్మెలు కొండ మీద అగ్ని దింపిన ప్రవక్త, యెజెబెలు రాణి బెదిరింపుకు పారిపోయి, ఎడారిలో బదరీవృక్షం కింద కూర్చుని చచ్చిపోతే బాగుండునని అడుగుతాడు. ఎడారిలో బతుకుతూ వింటే ఆ కథ వేరుగా వినిపించింది. దేవుడు అతన్ని మందలించలేదు, ఓదార్చనూ లేదు. ముందు నిద్రపోనిచ్చాడు. దూత తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్ళు చూపించాడు. తిని మళ్ళీ పడుకుంటే మళ్ళీ లేపి తినిపించాడు. ప్రశ్న ఆ తర్వాత, హోరేబు కొండ దగ్గర వచ్చింది: “ఏలీయా, ఇచ్చట నీవేమి చేయుచున్నావు?”

ఏలీయా జవాబు నా అర్ధరాత్రి లెక్కలాగే ఉంది. నేను ఎంతో చేశాను, వాళ్ళు ఇలా చేశారు, నేనొక్కడినే మిగిలాను. దేవుడు అతని మాటకు అడ్డు తగల్లేదు. మళ్ళీ అదే ప్రశ్న వేస్తే ఏలీయా అదే జవాబు పొల్లుపోకుండా అప్పగించాడు. బాగా అలవాటైన జవాబన్నమాట. అప్పుడు దేవుడు చేయవలసిన పనులు చెప్పాడు: హజాయేలును, యెహూను, ఎలీషాను అభిషేకించు. చివర్లో ఒక లెక్క కూడా చెప్పాడు, బయలు అనే అన్యదేవతకు మోకాళ్ళూనని వాళ్ళు ఏడువేల మంది ఉన్నారని. ఈ దేశంలో క్రీస్తు పేరు ఎత్తేది కూలికి వచ్చిన మేమేనని నేను అనుకునేదాన్ని. ఆ చర్చి పాస్టరు ఇమ్మానుయేల్ ఘరీబ్ గారు కువైట్ దేశస్థుడేనని, 1999లో అభిషేకం పొందారని తెలిసిన రోజు నాకు ఆ ఏడువేల మంది గుర్తుకొచ్చారు.

మా ఆడవాళ్ళ గుంపుకు పెద్దదిక్కుగా ఒక అక్క ఉంది, మా అందరికంటే ముందు వచ్చింది. ఆ పోటీకి ఆమే ఒక కట్టడి పెట్టింది. “కష్టం చెప్పుకోండి, ఎవరూ వద్దనరు. మాకు కాదు, ఆయనకు చెప్పండి. మేము పక్కన కూర్చుని వింటాం” అంది. చిన్న మార్పే అనిపించింది కానీ చేసి చూస్తే కష్టం. మనుషులతో చెప్పేటప్పుడు కాస్త పెంచి చెప్పవచ్చు, మనకు నచ్చనిది దాటవేయవచ్చు. ఆ రాత్రి ఆ వంటింట్లో ఏం జరిగిందో చూసినవాడితో చెప్పేటప్పుడు ఆ వెసులుబాటు ఉండదు. “ప్రభువా, మామా నన్ను తిట్టింది” అని మొదలుపెడితే, ఆవిడ అంతకుముందు రాత్రంతా తల్లి మంచం దగ్గర కూర్చుందన్న సంగతి కూడా నోట్లోకి వచ్చేస్తుంది. ఇంటివాళ్ళ మీద నాకున్న ఫిర్యాదుల్లో సగం ఇలా చెబుతూ ఉండగానే రాలిపోయాయి. మిగతా సగం నిజమైనవి. అవి గట్టిపడ్డాయి.

విశ్వాసి ఏడవకూడదనే బోధకులంటే నాకు ఓపిక లేదు. కీర్తనల్లో విలాపాలకు కొదవ లేదు. 88వ కీర్తన చివరి వరకూ చీకటే, ఓదార్పు వాక్యం ఒక్కటీ రాకుండానే అయిపోతుంది. అయినా అది మొదలయ్యేది దేవుణ్ణి పిలవడంతోనే, నీవు నన్ను ఎందుకు వదిలేశావని అడిగేది ఆయన్నే. నా అర్ధరాత్రి లెక్కలో ‘నీవు’ అన్న మాటే ఉండేది కాదు, అంతా ‘నేను’, ‘వాళ్ళు’. ఇంకొకటి కూడా చెప్పాలి. “నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను” అన్న వాక్యం మా వాళ్ళ ఫోను తెరల మీద తరచుగా కనిపిస్తుంది. అపొస్తలుడైన పౌలు అది రాసింది బంధకాల్లో ఉండి, ఫిలిప్పీ పట్టణపు సంఘం వాళ్ళు పంపిన సహాయం అందిందని చెబుతూ. డబ్బు అందుకున్నవాడు ఎంత ప్రేమగా జవాబు రాయవచ్చో చూడాలంటే ఫిలిప్పీ పత్రిక నాలుగో అధ్యాయం చదవాలి. మా ఇళ్ళలో కూడా చదివితే బాగుండును.

హాగరు కథ దగ్గరికి వచ్చేసరికి మా గుంపులో వాదన లేచింది. ఐగుప్తు నుంచి వచ్చిన దాసి, యజమానురాలి బాధ పడలేక అరణ్యంలోకి పారిపోయింది. నీటి ఊట దగ్గర దూత ఆమెను పేరుపెట్టి పిలిచి, ఎక్కడినుంచి వచ్చావు, ఎక్కడికి వెళ్తున్నావు అని అడిగాడు. తర్వాత తిరిగి వెళ్ళి అణగి ఉండమన్నాడు. ఇది చూపించి, దెబ్బలు తింటున్న పిల్లను కూడా తిరిగి ఆ ఇంటికే వెళ్ళమని సలహా ఇచ్చేవాళ్ళు ఉన్నారు. నేను ఒప్పుకోను. ఆ మాట గర్భంతో, నిర్జన ప్రదేశంలో ఉన్న ఒక స్త్రీకి చెప్పింది, అందరికీ ఇచ్చిన చట్టం కాదు. యజమానురాలికి ఇస్సాకు పుట్టాక హాగరు ఆ ఇంట్లోంచి వెళ్ళగొట్టబడినప్పుడు దేవుడు ఆమెను వెనక్కి పంపలేదు, నీళ్ళ బావి చూపించాడు. ఇక్కడ జిలీబ్ అల్ షుయూక్‌లో ఇంటిపని స్త్రీల కోసం ప్రభుత్వ ఆశ్రయం ఉంది, మన రాయబార కార్యాలయం ఉంది. దెబ్బలు పడుతుంటే వెళ్ళవలసింది అటువైపు. హాగరు కథలో నేను పట్టుకున్నది వేరే మాట. దేవుడికి “చూచుచున్న దేవుడవు నీవే” అని పేరు పెట్టింది ఒక పనిమనిషి.

గట్టిపడ్డాయన్నానే ఆ ఫిర్యాదులు, వాటి సంగతి. కువైట్‌లో ఇంటిపని వాళ్ళకోసం 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది. రోజుకు 12 గంటలకు మించి పని ఉండకూడదు, మధ్యలో విశ్రాంతి ఇవ్వాలి, వారానికి ఒక సెలవు, ఏడాదికి 30 రోజుల జీతంతో కూడిన సెలవు ఇవ్వాలి. ఒప్పందం పూర్తయితే ఏడాదికి ఒక నెల జీతం చొప్పున చెల్లించాలి. మరుసటి ఏడాది కనీస జీతం 60 దినార్లుగా నిర్ణయించారు. నాకు ఇవన్నీ తెలుసు. తెలిసి కూడా అడగలేదు, ఎందుకంటే జాలి పడుతూ కూర్చున్నంతకాలం అడగవలసిన అవసరం కనిపించదు. అన్యాయం జరిగితేనే కదా లెక్క పెరిగేది.

దేవుడితో నేరుగా మాట్లాడడం నేర్చుకున్న నోటికి మామాతో మాట్లాడడం అంత భయంగా అనిపించలేదు. పెద్దావిడ పడుకున్నాక వెళ్ళి, “మామా, శుక్రవారం నాకు సెలవు కావాలి” అన్నాను. కోపం వచ్చింది ఆవిడకు. రెండు శుక్రవారాలు ముఖం తిప్పుకుంది. మూడో శుక్రవారం డ్రైవరును పిలిచి నన్ను చర్చి దగ్గర దింపమంది. గిన్నెలు మాత్రం నేను తిరిగొచ్చేదాకా అలాగే ఉన్నాయి. అది కూడా ఆయనకు చెప్పాను, కాస్త కోపంగానే.

ఏడాది సెలవు సంగతి ఇంకా తేలలేదు. పెద్దావిడను ఎవరు చూస్తారని మామా అడిగింది, అది న్యాయమైన ప్రశ్నే. మా గుంపులోని ఒక అమ్మాయికి పనిచేయడానికి ఇల్లు కావాలట, ఆమె కఫీల్ విడుదల చేయడానికి ఒప్పుకున్నాడు. ఆ అమ్మాయి వివరాలు కాగితం మీద రాసి మామాకు ఇచ్చాను. చూస్తానంది. వచ్చే వారం మళ్ళీ అడుగుతాను.