రేవు దీపం కనిపిస్తున్నా ఆగిపోయాం

రాత్రి సెయిలింగ్ అనగానే అందరూ అలల గురించే అడుగుతారు. అలలు పెద్దవే, కాదనను. కానీ నన్ను ఎక్కువ తిప్పలు పెట్టింది దూరం తెలియకపోవడం. చీకట్లో ఒక తెల్ల దీపం కనిపిస్తే, అది ఆరు నాటికల్ మైళ్ళ (సుమారు 11 కి.మీ.) అవతలున్న పెద్ద ఓడో, అర మైలులో ఉన్న చేపల పడవో కంటికి అంతుపట్టదు.

మాది తొమ్మిది మీటర్ల పడవ. ఉన్నది ఇద్దరమే, బావా నేనూ. మూడేసి గంటల వంతులు వేసుకున్నాం. వంతు లేనివాడు నిద్రపోవాలని అనుకున్నాం గానీ, ఆ కుదుపుల్లో నిద్ర ఎక్కడిది! కిందకి దొర్లిపోకుండా కళ్ళు మూసుకుని పడుండటమే.

వాతావరణ సూచనలో 15 నాట్ల (గంటకి 15 నాటికల్ మైళ్ళ) గాలి అన్నారు. పొద్దుగూకక ముందే మెయిన్ సెయిల్‌కి, అంటే పెద్ద తెరచాపకి, ఒక రీఫ్ వేసి (కొంత మడిచి కట్టి) పెట్టాం. అర్ధరాత్రి దాటేసరికి గాలి మీటర్ 22 దగ్గర ఆడుతోంది. చూడ్డానికి ఏడు నాట్లే తేడా. కానీ సెయిల్ మీద గాలి తోపు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అంటే అప్పటికే రెట్టింపు దాటిపోయింది. పడవ పక్కకి ఒరిగిపోయి, టిల్లర్‌ని (చుక్కాని కర్రని) రెండు చేతులా లాగినా మాట వినడం లేదు.

"బావా, రెండో రీఫ్ వేద్దామా?"

"నీకు అడగాలనిపించిందంటేనే ఆలస్యమైనట్టు. నువ్వు టిల్లర్ వదలకు, నేను వెళ్తా."

ఒంటికి కట్టుకున్న హార్నెస్‌ని జాక్‌లైన్‌కి (డెక్ పొడవునా కట్టిన రక్షణ తాడుకి) తగిలించుకుని, మోకాళ్ళ మీద పాకుతూ మాస్ట్ (తెరచాప స్తంభం) దగ్గరికి చేరాడు. నుదుటి మీద ఎర్ర లైటు. తెల్లది వేస్తే చీకటికి అలవాటు పడ్డ కళ్ళు పాడై, మళ్ళీ దారికి రావడానికి 20 నిమిషాల పైనే పడుతుంది. ఆ ఎర్ర వెలుగులో నాకు ఆయన చేతులు తప్ప ఇంకేమీ కనిపించడం లేదు. సెయిల్ అంచున ఉన్న ఇనుప రింగుని లాగి కొక్కేనికి తగిలించాలి, అంతే పని. తగిలించబోయే సమయానికి అల వచ్చి కొడుతుంది, తడిసి రేకులా బిగుసుకున్న గుడ్డ చేతుల్లోంచి జారిపోతుంది. మళ్ళీ మొదలు. చివరికి తగిలింది. ఆ తర్వాత పడవ నిటారుగా లేచింది. విచిత్రమేంటంటే వేగం ఏమాత్రం తగ్గలేదు.

నిజమైన టెన్షన్ ఆ తర్వాత వచ్చింది. ఎడమ పక్క రెండు తెల్ల దీపాలు, వాటి కింద ఒక ఆకుపచ్చ దీపం. ఓడకి కుడి పక్కన ఆకుపచ్చ, ఎడమ పక్కన ఎర్ర దీపం ఉంటాయి. పెద్ద ఓడ, మా దారికి అడ్డంగా వస్తోంది. చేతి కంపాస్‌తో దిశ చూశాను. కాసేపాగి మళ్ళీ చూశాను, అదే అంకె. ఇంకోసారీ అదే. దిశ మారకుండా దీపాలు పెద్దవవుతున్నాయంటే గుద్దుకునే దారిలో ఉన్నట్టే. నిబంధనల ప్రకారం తప్పుకోవాల్సింది ఆ ఓడే. కానీ మమ్మల్ని చూస్తే కదా! 50 మీటర్లు దాటిన ఓడ మాస్ట్ దీపం ఆరు మైళ్ళకి కనిపించాలి. 12 మీటర్ల లోపు పడవ పక్క దీపానికి ఒక్క మైలు చాలు. 20 నాట్లతో వచ్చే ఓడకి ఆ మైలు మూడు నిమిషాలు.

వీహెచ్ఎఫ్ రేడియో 16వ ఛానెల్‌లో మేమున్న చోటు చెప్పి పిలిచాను. జవాబు వెంటనే వచ్చింది, కుడివైపు తిరుగుతున్నామన్నారు. హమ్మయ్య అనుకునే లోపు ఆకుపచ్చ దీపం పక్కనే ఎర్రది కూడా వెలిగింది. రెండూ కనిపిస్తున్నాయంటే ఓడ ముక్కు సూటిగా మా మీదకే ఉందని అర్థం. కుడికి తిరిగి మా వెనక నుంచి వెళ్ళాలంటే మధ్యలో ఒకసారి మా వైపు చూడక తప్పదు. తెలిసినా ఊపిరాడలేదు. కాసేపటికి ఆకుపచ్చ మాయమై ఎర్రది ఒక్కటే మిగిలింది.

తెల్లవారుజామున రేవు దీపం కనిపించింది, ఇంకా 15 మైళ్ళు. గాలి ఏటవాలుగా ఒడ్డు వైపుకే వీస్తోంది, ఆటు నీరు ఎదురుగా బయటికి వస్తోంది. గాలీ నీరూ ఎదురెదురైతే, అందులోనూ లోతు తక్కువున్న ముఖద్వారంలో, అలలు నిలువుగా లేచి విరుగుతాయి. పైగా మాకు తెలియని రేవు. ఆగుదామన్నాను. జిబ్‌ని (ముందు తెరచాపని) గాలికి ఎదురు పక్కకి లాగి కట్టి, టిల్లర్‌ని గాలి పోయే వైపుకి బిగించాం. పడవ ఒక్కసారిగా నెమ్మదించింది. గంటకి ఒకటిన్నర మైలు చొప్పున కొట్టుకుపోతుందని లెక్కేశాం. నాలుగు గంటలైనా ఇంకా తొమ్మిది మైళ్ళ నీళ్ళుంటాయి. ఈలోగా వెలుతురు వస్తుంది, ఆటు పోయి పోటు మొదలవుతుంది.

అలాగే జరిగింది. పోటుతో పాటు లోపలికి వెళ్ళాం, పెద్దగా చెప్పుకోవడానికేమీ లేదు.

బావ మాత్రం ఇప్పటికీ ఒప్పుకోడు. "ఇంజిన్ ఉందిగా, రాత్రే దూరిపోయేవాళ్ళం" అంటాడు. రాత్రంతా కుదిపిన ట్యాంకులో అడుగున పేరుకున్న మడ్డి పైకి లేచి డీజిల్ ఫిల్టర్‌ని మూసేస్తుంది, ఇంజిన్ ఆగిపోయేది సరిగ్గా అలాంటప్పుడే అంటాను నేను. "నీదంతా అనుమానం రా" అంటాడు. మళ్ళీ మొదలు.