బెంగళూరు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో: ఎంత దూరం, ఎన్ని గంటలు?

మా అమ్మ జూన్‌లో అక్క దగ్గరికి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లింది. టికెట్ చేతికి రాగానే కళ్లజోడు పెట్టుకుని టైములు చూసి, "పొద్దున నాలుగున్నరకు ఎక్కితే అదే రోజు మధ్యాహ్నం మూడున్నరకు దిగుతానంట, పదకొండు గంటలే కదరా, ఒక నిద్ర తీస్తే సరిపాయె" అంది.

ఆ మాటకు నవ్వాను గానీ, మొదటిసారి నేనూ అలాగే అనుకున్నాను. టికెట్ మీద ఎక్కే టైమ్ ఇక్కడిది, దిగే టైమ్ అక్కడిది. ఎండాకాలంలో వాళ్ల గడియారం మనకంటే పన్నెండున్నర గంటలు వెనక, చలికాలంలో పదమూడున్నర. పదకొండుకు పన్నెండున్నర కలిపితే ఇరవై మూడున్నర గంటలు. దుబాయ్‌కి నాలుగు, అక్కడ కూర్చోవడం మూడున్నర, తర్వాత ఏకబిగిన పదహారు. అమ్మ మోకాళ్లకు ఆ పదహారే అసలు లెక్క.

దూరం వెతికితే సుమారు 14,000 కిలోమీటర్లని వస్తుంది. అది తిన్నగా పోతే. దుబాయ్ మీదుగా అయితే 2,700, ఆపైన 13,000, మొత్తం 15,700. ఇంత పెద్ద ప్రయాణంలో 1,700 ఎక్కువంటే పెద్ద చుట్టేమీ కాదు. నాకు వింతగా అనిపించింది రెండో ముక్క. దుబాయ్‌కి శాన్‌ఫ్రాన్సిస్కో భూగోళం మీద దాదాపు సరిగ్గా అవతలి వైపు రేఖాంశం మీద ఉంది, అందుకే దగ్గరి దారి తూర్పుకూ కాదు పడమరకూ కాదు, నేరుగా ఉత్తర ధ్రువం వైపు. గోడమీది మ్యాపులో చూస్తే నమ్మబుద్ధి కాదు. పాప గ్లోబు మీద దారం పట్టి చూపిస్తే అమ్మ, "అంత చలిలో పోతుందా, అయితే శాలువా చేతి సంచిలోనే పెట్టు" అంది.

తిన్నగా వచ్చే విమానాలూ నడిచాయి. 2021 జనవరిలో కెప్టెన్ జోయా అగర్వాల్, అందరూ మహిళా పైలట్లే ఉన్న బృందంతో ధ్రువం మీదుగా శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఎక్కడా ఆగకుండా తెచ్చారు. సుమారు పదిహేడు గంటలు. 9వ తేదీ రాత్రి బయల్దేరి 11 తెల్లవారుజామున దిగారు, మధ్యలో పదో తేదీ ఎటు పోయిందో!

ఇంకో తమాషా. అనంతపురం నుంచి దేవనహళ్లిలోని బెంగళూరు ఎయిర్‌పోర్టు దాదాపు 180 కిలోమీటర్లు, ఊళ్లోకి రాకముందే తగులుతుంది కాబట్టి అమ్మ కారు మూడు గంటల్లో వచ్చేసింది. బెంగళూరులోనే ఉన్న నేను ఎలక్ట్రానిక్ సిటీ నుంచి 55 కిలోమీటర్లకి రెండు గంటలు పైనే, అదీ రాత్రిపూట.

మర్నాడు తెల్లవారుజామున అయిదింటికి ఫోన్. "దిగినా నాయనా. ఇక్కడ ఇంకా ఎండ కాస్తాంది. మీ అక్క అన్నం పెడతానంటాంది, ఇది ఏ పూట అన్నమో నాకైతే తెలీదు."